భయపడే నేను విశ్వాసినేనా?

ఈ నెల ఈ శీర్షికకు చేరిన ఉత్తరాలను ముందు వేసుకొని చూస్తే, ప్రశ్నలు వేరైనా వాటి వెనుక ఉన్న గుబులు ఒకటేనని అర్థమైంది. వానకో, జబ్బుకో, అప్పుకో భయపడుతున్నవారు ఆ భయంతోపాటు మరొక భయాన్ని కూడా మోస్తున్నారు. భయపడుతున్నాను కాబట్టి నా విశ్వాసంలో లోపం ఉందేమో, దేవుడు నన్ను తప్పుపడతాడేమో అన్నది ఆ రెండో భయం. మొదటిదానికంటే ఇదే ఎక్కువమందిని కుంగదీస్తున్నట్టు కనబడుతోంది. నాలుగు ఉత్తరాలను తీసుకొని, రాసినవారి ఆనవాళ్లు తెలియకుండా కొంత కుదించి, జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగుకు దగ్గరలోని ఊరు. 2023 జూలైలో వాగు ఊళ్లమీదికి వచ్చిన రాత్రి పిల్లలతో, అత్తమ్మతో పక్కింటి డాబా ఎక్కి తెల్లారేదాకా నానుతూ కూర్చున్నాం. మా ప్రాణాలు దక్కాయి, గొడ్లు పోయాయి. అప్పటినుంచి రాత్రిపూట వాన చప్పుడు వినబడితే గుండె దడదడ కొట్టుకుంటుంది, చేతులు చల్లబడతాయి, నీళ్లు వస్తున్నాయేమోనని పదిసార్లు తలుపు తీసి చూస్తాను. మా స్త్రీల కూడికలో ఈ సంగతి చెప్పుకుంటే ఒక పెద్దమ్మ, ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం 8వ వచనంలో అగ్నిగుండంలో పాలుపొందేవారి పట్టిక పిరికివారితోనే మొదలవుతుందని, భయం పాపమని, ఒప్పుకొని విడిచిపెట్టాలని అన్నారు. విడిచిపెట్టాలని నాకూ ఉంది, కానీ వాన పడితే మళ్లీ అంతే. నేను నిజంగా విశ్వాసినేనా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ వచనం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీకు గుచ్చుకున్న ముల్లు అదే. ప్రకటన గ్రంథం రోమా సామ్రాజ్యంలో ఆసియా అనే ప్రాంతంలోని ఏడు సంఘాలకు, విశ్వాసం కోసం శ్రమపడుతున్నవారికి, ఇకమీద ఇంకా ఎక్కువ శ్రమపడబోతున్నవారికి రాసిన గ్రంథం. అలాంటివారి ముందు "పిరికివారు" అన్న మాట పెట్టినప్పుడు, దాని అర్థం ప్రమాదం చూసి వణికినవారని కాదు. ప్రాణం కాపాడుకోవడానికి క్రీస్తును ఎరగమని చెప్పి, తోటి విశ్వాసులను వదిలి, అవతలి పక్షాన చేరినవారని. అందుకే ఆ మాట వెంటనే "అవిశ్వాసులు" అన్న మాట వస్తుంది. వాన చప్పుడుకు నిద్రలేచి చీకట్లో పిల్లలను తడిమి చూసుకొనే తల్లి ఆ పట్టికలోకి రాదు.

ఆ వచనంలో పిరికివారు అన్నచోట మూలంలో ఉన్న గ్రీకు మాట 'దెయిలోస్'. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట మూడేచోట్ల కనబడుతుంది. ఒకటి ప్రకటనలోనిది. మిగతా రెండూ మత్తయి, మార్కు సువార్తల్లో ఒకే సంఘటనకు సంబంధించినవి. ఆ సంఘటన కూడా నీళ్లదే, రాత్రిదే. గలిలయ సముద్రంలో పెద్ద తుపాను రేగి దోనె నిండిపోతుంటే యేసు అమరమున తలగడ మీద నిద్రపోతున్నాడు. ఆ దోనెలో ఉన్నవారిలో కొందరు ఆ నీళ్లలోనే వలలు వేసి బతికినవారు. మోరంచ వాగును పుట్టిననాటినుంచీ చూస్తున్న మీ ఊరివాళ్లకే ఆ రాత్రి చేతులాడనట్టు, ఆ సముద్రం లోతుపాతులు తెలిసిన వాళ్లకే కాళ్లు వణికాయి. వాళ్లు ఆయనను లేపిన తీరులో భక్తి కంటే ఫిర్యాదే ఎక్కువగా వినబడుతుంది: "మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?"

ఆ ఫిర్యాదుకు ఆయన లేచాడు. మార్కు రాసిన క్రమాన్ని గమనించండి. ముందు గాలిని గద్దించి సముద్రాన్ని నెమ్మదింపజేశాడు, ఆ తరువాతే "మీరెందుకు భయపడుచున్నారు?" అని అడిగాడు. మత్తయిలో ప్రశ్న ముందు, నిమ్మళం తరువాత. ఏ క్రమంలో చదివినా ఒకటి మాత్రం మారదు: పిరికివారని పిలిపించుకున్న ఆ మనుష్యులలో ఒక్కరినీ ఆయన దోనెలోనుంచి దించలేదు, వారితోనే అద్దరికి చేరాడు. పైగా మార్కు చెప్పినదాని ప్రకారం నీళ్లు నిమ్మళించాక వారు మిక్కిలి భయపడ్డారు. తుపాను పోగానే భయం కూడా పోవాలన్న నియమం ఆ దోనెలోనే నిలబడలేదు, మీ ఇంట్లో ఎలా నిలబడుతుంది?

దావీదు రాసిన 56వ కీర్తన మూడో వచనం మీకు కంఠతా వచ్చే ఉంటుంది: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." భయం తీరిన మరునాడు అని కాదు, భయం కలిగిన ఆ దినమునే. ఆ కీర్తన పైనున్న మాట ప్రకారం అది ఫిలిష్తీయులు గాతులో దావీదును పట్టుకొన్నప్పటిది. గొల్యాతును కొట్టిన మనిషి గొల్యాతు సొంత ఊరిలో రాజుకు భయపడి, గడ్డం మీద ఉమ్మి కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించిన సంగతి మొదటి సమూయేలు 21వ అధ్యాయంలో దాపరికం లేకుండా ఉంది. అదే కీర్తన నాలుగో వచనంలో "నేను భయపడను" అంటాడు, పదకొండో వచనంలో మళ్లీ "నేను భయపడను" అంటాడు. నిజంగా భయం లేనివాడికి ఒకే మాట రెండుసార్లు చెప్పుకోవలసిన అవసరం ఉండదు కదా.

ఇక్కడ ఒక చిన్న మాట. బైబిలులో "భయపడకుము" అన్న మాట 365 సార్లు, రోజుకొకటి చొప్పున ఉందని ప్రసంగాల్లో తరచూ వింటాం. కూర్చొని లెక్కపెడితే అన్ని రావు. వచ్చినన్నిసార్లయినా ఆ మాట ఎవరికి చెప్పబడిందో చూస్తే, అప్పటికే భయపడుతున్నవారికే: హాగరుకు, గిద్యోనుకు, మరియకు, గొర్రెల కాపరులకు. వణికే బిడ్డను దగ్గరకు తీసుకొని "ఏం కాదులే" అన్నప్పుడు తల్లి గొంతులో నేరారోపణ ఉండదు. ఆ మాటను నేరారోపణగా మార్చినది మన చదివే తీరు.

ఇక శరీరం సంగతి. ఆ జూలైలో మీ పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మీరు ఊహించుకొని భయపడలేదు, జరిగినదానికి భయపడ్డారు. ప్రాణం మీదికి వచ్చిన రాత్రిని మనసు మరిచినా ఒళ్లు మరవదు. అదే చప్పుడు వినగానే, అడగకుండానే, పారిపోవడానికి సిద్ధమవుతుంది. ఆ దడ సాధారణంగా కొన్ని నిమిషాల్లో తారస్థాయికి చేరి, తరువాత దానంతట అదే తగ్గుతుంది. అది మొదలైనప్పుడు పాదాలు నేలకు ఆనించి కూర్చొని, ఊపిరి పీల్చిన దానికంటే వదలడం ఎక్కువసేపు సాగేటట్టు నెమ్మదిగా వదలండి, ఆ కీర్తన వచనాన్ని పైకే చెప్పండి. ఒళ్లు తగ్గడానికి సమయం ఇస్తున్నారన్నమాట.

పదిసార్లు తలుపు తీయడానికి బదులు ఒక్కసారి చేయదగిన ఏర్పాటు ఉంది. పాసుపుస్తకం, ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి పైన పెట్టండి, అత్తమ్మను ఎవరు ఎత్తుకోవాలో, ఎవరి డాబా ఎక్కాలో వాన లేనప్పుడే మాట్లాడుకోండి. ఇది అవిశ్వాసం అని ఎవరైనా అంటే హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం చూపించండి. రాబోయేదాన్ని గురించి హెచ్చరిక విని, భయభక్తులు గలవాడై, ఇంటివారి కోసం ఓడ సిద్ధం చేసిన నోవహు పేరు అక్కడ విశ్వాసవీరుల వరుసలో ఉంది. ఇన్నాళ్లయినా దడ తగ్గక నిద్ర, పనులు చెడుతున్నాయి కాబట్టి ఒకసారి మానసిక వైద్యులను కలవడం మంచిది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

ఆ పెద్దమ్మ మీ మేలు కోరే చెప్పి ఉంటారు. అయినా వచ్చే వానాకాలంలో ఒక రాత్రి మీ ఇంట్లో పడుకోవడానికి రమ్మని ఆమెను అడగండి. పౌలు తన రెండో కొరింథీ పత్రిక 7వ అధ్యాయంలో "వెలుపట పోరాటములు, లోపట భయములు" ఉండెనని ఒప్పుకొని, దీనులను ఆదరించే దేవుడు తీతు రాకచేత తమను ఆదరించాడని రాశాడు. అంత గొప్ప అపొస్తలుడికి దేవుడు పంపిన ఆదరణ ఒక మనిషి రావడం.

ప్రశ్న: నేను నిజామాబాద్ దగ్గర ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. మా ఆయన దుబాయిలో పని చేస్తారు. ఆయన ఫోన్ ఎత్తడం పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఊపిరాడక చచ్చిపోతానేమో అనిపించేది. వైద్యులు పరీక్షించి ఆందోళన జబ్బు అని చెప్పి మాత్రలు రాశారు. మూడు వారాలుగా వాడుతున్నాను. మా ప్రార్థన బృందంలోని సోదరి మాత్రలు మింగితే దేవుని మీద ఆధారపడనట్టేనని, మానేసి నూనె రాయించుకొమ్మని చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మాత్రలు మానకండి. వివరాలకు ముందే ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. ఇలాంటి మందుల్లో చాలావాటికి గుణం కనబడడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మీరిప్పుడు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు. ఉన్నపళంగా ఆపేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వచ్చి, జబ్బే తిరగబెట్టిందని మీరు, దయ్యమే రెచ్చిపోయిందని మీ బృందం అనుకొనే ప్రమాదం ఉంది. మానవలసిన రోజు వస్తే వైద్యులే మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. కొన్ని నిద్రమాత్రలకు అలవాటు పడే గుణం ఉంటుంది కాబట్టి, రాసినవాటిలో అలాంటిది ఉందా, ఎన్నాళ్లు వాడాలి అని వైద్యులను సూటిగా అడగండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాంటి దడే వస్తుంది. ఆ రక్తపరీక్ష జరగకపోతే అదీ చేయించుకోండి.

నూనె రాయించుకోవడంలో తప్పేమీ లేదు, యాకోబు పత్రిక చెప్పినదే. అయితే నూనె కావాలంటే మాత్ర వద్దు అన్న బేరం బైబిలులో ఎక్కడా లేదు. హిజ్కియా మరణకరమైన రోగంతో పడి ఉన్నప్పుడు ఇంకా 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాడు. మాట వచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. తిమోతి కడుపునొప్పికి పౌలు అప్పట్లో మందుగా వాడే ద్రాక్షారసాన్ని కొంచెం పుచ్చుకొమ్మన్నాడు. ఆ పౌలు వెంట తిరిగిన లూకాను కొలొస్సయుల పత్రిక "ప్రియుడైన వైద్యుడు" అంటుంది. ప్రియుడు అనిపించుకోవడానికి అతడు వైద్యం మానుకోవలసి రాలేదు.

అంత దూరం ఎందుకు, మీ జిల్లాలోనే చూడండి. కుష్ఠు అంటే జనం ఇళ్లలోనుంచి మనుషులను వెళ్లగొట్టే కాలంలో, 1915లో, డాక్టర్ ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్దమొత్తం ఇచ్చినది క్రైస్తవుడు కాని రాజా నర్సాగౌడ్. అక్కడ ప్రార్థనలూ జరిగాయి, సూదిమందులూ ఇచ్చారు. ఒకదానికి ఒకటి అడ్డమని ఎవరూ అనుకోలేదు. మీ బృందంలోని సోదరికి రక్తపోటు మాత్ర ఉంటే, అది ఆమె రోజూ వేసుకుంటుందో లేదో అడగాలనిపిస్తుంది, కానీ మీరు అడగకండి, గొడవవుతుంది.

మీ వారి ఫోన్ విషయంలో ఇద్దరూ ఒక వేళ అనుకోండి. ఆయన డ్యూటీ ముగిసి గదికి చేరాక చేసే ఒక్క ఫోన్ మీ ఇద్దరిదీ. మిగతా వేళల్లో మీరు చేయరు, ఆయన ఎత్తకపోయినా అది వార్త కాదు.

ప్రశ్న: నేను హనుమకొండలో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. 91వ కీర్తన ఉన్న మెసేజ్ వాట్సాప్‌లో తరచూ వస్తుంది. పదిమందికి పంపితే మూడు రోజుల్లో మేలు, పంపకపోతే కీడు అని కింద రాసి ఉంటుంది. నమ్మకం లేదు కానీ పంపకుండా ఉండడానికి భయం. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, చెరిపేయి. ఆ 91వ కీర్తననే ఎత్తి చూపి, దేవాలయ శిఖరం మీదినుంచి దూకితే దూతలు ఎత్తుకుంటారని యేసుకు చెప్పినవాడు ఎవరో మత్తయి సువార్త 4వ అధ్యాయంలో ఉంది. వచనం సరైనదే, దాన్ని బెదిరింపుగానూ పందెంగానూ వాడినవాడు సాతాను. దేవుని మాటకు కింద కీడు తగిలించి పంపినవారు తెలియకే ఆ పని చేసి ఉంటారు, నువ్వు తెలిసి చేయనక్కరలేదు. పరీక్ష భయం గురించి విడిగా రాయి, అది వేరే సంగతి.

ప్రశ్న: నర్సంపేట వైపు ఒక పల్లె సంఘంలో నేను పెద్దగా ఉన్నాను. మా సంఘస్థుడొకరు కౌలుకు తీసుకొని పత్తి వేసి, వరుసగా రెండేళ్లు నష్టపోయాడు. ప్రైవేటు అప్పు పెరిగింది. రెండు నెలలుగా ఆరాధనకు రావడం లేదు, ఎవరితోనూ మాట్లాడడు, అన్నం సరిగా తినడు, పొలం గట్టున ఒక్కడే కూర్చుంటాడట. "నేను లేకపోతేనే వీళ్లకు నయం" అన్నాడని ఆయన భార్య ఏడ్చింది. ఆయన కోసం ఉపవాస ప్రార్థన పెట్టాం. ధైర్యం కలిగించే వచనాలు ఏవి చెబితే బాగుంటుంది?

జవాబు: అయ్యా, వచనాల కోసం ఈ పత్రిక వచ్చేదాకా ఆగి ఉండరని ఆశిస్తున్నాను. ఆగి ఉంటే ఇది చదవగానే బయలుదేరండి. "నేను లేకపోతేనే నయం" అన్నది విసుగుమాటగా తీసుకోవలసినది కాదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని ఆయనను మెల్లగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లకు ఒక భయం ఉంది. అలా పుట్టదు, ఎవరైనా అడిగితే చాలని ఎదురుచూసిన మనిషికి గుండె బరువు కొంత దిగుతుంది. ఆ ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలను ఈ రోజే తీసుకువెళ్లి మరొకరింట్లో తాళం వేసి పెట్టించండి. కొన్ని రోజులు ఆయనను ఒంటరిగా వదలవద్దని ఆ ఇంటివారికి చెప్పండి. 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా టెలి మానస్ సలహాదారులు డబ్బు తీసుకోకుండా తెలుగులో మాట్లాడతారు. మీరు పక్కన కూర్చొని మీ ఫోన్‌లోనే కలిపి ఇవ్వండి. వైద్యుల దగ్గరకు కూడా మీరే వెంటబెట్టుకొని వెళ్లండి.

వచనం అడిగారు కాబట్టి, మొదటి రాజులు 19వ అధ్యాయాన్ని ఆయనకు వినిపించడానికి ముందు మీ సంఘ పెద్దలంతా కూర్చొని చదవండి. కర్మెలు కొండ మీద అంత విజయం చూసిన ఏలీయా, యెజెబెలు రాణి బెదిరింపు విని ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చొని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. మీ సోదరుడు గట్టు మీద కూర్చొని అంటున్నది ఇదే మాట. ప్రవక్త నోట వచ్చిన ఆ మాటకు పరలోకం నుంచి మందలింపు రాలేదు, ప్రసంగమూ రాలేదు. ఆయన నిద్రపోయాడు, దూత తట్టి లేపి తినమన్నాడు, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి తల దగ్గర ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించినదని ఒప్పుకొంటూ. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న అడగడానికి దేవుడు నలభై రోజులు ఆగాడు. మన సంఘాల్లో ఆ ప్రశ్నతోనే గడప దాటుతాం.

ఉపవాస ప్రార్థన మంచిదే. కానీ మీరు పస్తున్న ఆ పూట బియ్యం ఆయన ఇంటికి చేరితే ఇంకా మంచిది. 1914 తరువాతి కరువు రోజుల్లో మెదక్‌లో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలితో వచ్చినవారికి ప్రార్థన చేసి పంపివేయలేదు. దేవాలయం కట్టే పని చూపించి, పనికి అన్నం పెట్టారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ మహాదేవాలయం, 175 అడుగుల గోపురంతో సహా, ఆ పనికి నిలిచిన గుర్తు. మీ సంఘానికి గోపురం కట్టే శక్తి లేకపోవచ్చు, ఒక ఇంటికి రెండు నెలలు పప్పు, బియ్యం ఇచ్చే శక్తి ఉంటుంది.

అప్పు సంగతి మనసు కొంత కుదుటపడ్డాక చూడండి, కానీ వదిలేయకండి, ఎందుకంటే ఆయన భయానికి వేరు అక్కడ ఉంది. ఎవరికెంత, వడ్డీ ఎంత, కాగితం ఉందా లేదా అని ఒక నోటుపుస్తకంలో ఆయన చేతనే రాయించండి. మనసులో కొండలా ఉన్న మొత్తం కాగితం మీద ఒక అంకె అవుతుంది. చిన్న రైతుల ప్రైవేటు అప్పుల కోసం 2016లో మన రాష్ట్రం రుణ విమోచన కమిషన్ చట్టం చేసింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే ఆయన విషయంలో ఏది వర్తిస్తుందో చెబుతారు. షావుకారు దగ్గరకు గడువు అడగడానికి వెళ్లేటప్పుడు ఆయనను ఒక్కడినే పంపకుండా, ఊళ్లో మాట చెల్లే మనిషిని తోడు పంపండి.

ఆయన మళ్లీ మందిరానికి వచ్చే ఆదివారం పేరు పెట్టి సాక్ష్యం చెప్పించవద్దు, ముందుకు పిలిచి చేతులు వేయవద్దు. వెనుక వరుసలో ఆయన కూర్చున్నచోటే మీరూ వెళ్లి కూర్చోండి. ఈ లోగా ఈ రోజు వాళ్లింటికి వెళ్లినప్పుడు, లేచి వచ్చేముందు మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పి రండి, ఆ రోజు తప్పకుండా వెళ్లండి.